డ్రమ్ములో పడవ మోటరు

ధార వస్తూనే ఉంది. చిటికెన వేలంత నీళ్ళ ధార, మోటరు నడుము దగ్గరి చిన్న రంధ్రంలోంచి బయటికి వంగి డ్రమ్ము అంచు మీద పడుతోంది. దాన్ని కళ్ళు తిప్పకుండా చూడమని చెప్పి పోయాడు ఓంప్రకాశ్, పాలు పొంగకుండా చూడు అన్నట్టే, అన్నం మాడకుండా చూడు అన్నట్టే. పెళ్ళయిన నాటి నుంచి ఈ ఇంట్లో ఎవరో ఒకరు ఏదో ఒకటి పొంగకుండా మాడకుండా చూడమని సంధ్యకు చెప్పి పోతూనే ఉన్నారు, ఇప్పుడు సముద్రపు ఒడ్డు నుంచి వచ్చిన ఈ పాత పడవ మోటరు కూడా ఆ వరసలో చేరింది. "దార ఆగిందంటే లోపల నీళ్ళు తిరుగుతలేవన్నట్టు. ఎంటనే ఈ ఎర్ర బటన్ ఒత్తు. సోయి లేకుండ కూసున్నవనుకో, పిస్టన్ పట్టేస్తది, ఇగ దాన్ని పాత సామాన్లోడు గూడ ముట్టడు" అన్నాడు భర్త, బండి కిక్కు కొడుతూ. తొగుట దిక్కు నుంచి బస్సులో వస్తున్న పోశయ్యనూ అతని భార్య ఐలవ్వనూ పాత బస్టాండు దగ్గర కలుసుకుని, మోటరు వేసుకుపోవడానికి ట్రాలీ ఆటో మాట్లాడి, వెంటబెట్టుకుని వస్తాడు. వాళ్ళు గేటు దగ్గరికి వచ్చేసరికి మోటరు మోగుతూ ఉండాలి. మోగుతున్న మోటరు ముందు నిలబడితే మనిషి అడగాలనుకున్నవన్నీ మరిచిపోతాడు. ఆ మాట అతను పైకి అనలేదు, కానీ ఆమెకు అతని లెక్కలు ఎప్పటినుంచో తెలుసు.

మోత. గోడలు మోగుతున్నాయి, కిటికీ ఊచలు మోగుతున్నాయి, వంటింట్లో గిన్నెల మీద మూతలు సన్నగా గజగజలాడుతున్నాయి. డ్రమ్ములో నీళ్ళు బురదరంగు తిరిగి సుడులు పడుతున్నాయి, వేడెక్కుతున్నాయి, ఎడమ చేత్తో పైపు పట్టుకుని చల్లనీళ్ళు వదులుతోంది సంధ్య. ఈ నీలం డ్రమ్ము ఆమెది. నల్లా రాని రోజుకని దాచుకునే నీళ్ళు, ఉగాదికి ముందు సున్నం బకెట్లు కడిగిన నీళ్ళు, పసిపిల్లప్పుడు కూతురు దీక్షిత అందులో కూర్చుని ఆడుకున్న నీళ్ళు. ఇప్పుడు ఆ డ్రమ్ము గోడల మీద నూనె జిడ్డు రంగురంగుల తెట్టు కట్టింది, ఎన్ని సార్లు సబ్బు పెట్టి తోమినా పోదు. అడిగాడా? అడగలేదు. ఒక పొద్దున లేచి చూస్తే డ్రమ్ములో మోటరు కాలు, అడుగున రెక్కలు తిరిగే ఆ పొడుగాటి భాగం, ముంచి ఉంది, అంతే. అంగట్లోంచి తెచ్చిన పాలకూర కడిగినా పెట్రోలు వాసనే, పప్పులో తాలింపు వాసన మీదికి పెట్రోలు వాసన, వాకిట్లో కరివేపాకు చెట్టు మొదట్లో అతను పారబోసిన నూనెకు ఆకులన్నీ పసుపుపచ్చగా రాలి కట్టెలు మిగిలాయి. పొద్దున చెత్తబండితో వచ్చే మనిషి నూనె గుడ్డల మూటను వేలి కొసతో ఎత్తి చూసి, "గిది తడి చెత్తనా పొడి చెత్తనా అక్కా? గిది మీ ఆయన చెత్త. దీనికి మా బండిల డబ్బ లేదు" అని తిరిగి ఇచ్చేసింది. వీధి వీధంతా నవ్వింది. సంధ్య కూడా నవ్వింది. నవ్వి లోపలికి వచ్చాక ఆ మూటను ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలో పట్టుకుని నిలబడింది. నిలబడ్డ ఆ కాసేపు ఆమెకు ఇప్పటికీ మరుపు రాదు.

"ఇంకెంతసేపు మోగుతదే గది?" అంది అత్త కిష్టవ్వ, వెనక గడపలో చాట ముందు పెట్టుకుని బియ్యం ఏరుతూ. "చెవులల్ల జోరీగలు జొచ్చినట్టున్నది."

"ఇంకింత సేపే అత్తమ్మా."

"మీ మామ మగ్గం ఏసినంత కాలం నాకు చెవుల నొప్పి ఎరుకలేదు."

మగ్గం గుంత ఇప్పటికీ ఉంది ముందరి గదిలో. మామ కాళ్ళు పెట్టుకుని కూర్చున్న ఆ గుంతలో ఇప్పుడు మోటర్ల కాళ్ళు పడుకున్నాయి, రెక్కలు విరిగినవి, ఉప్పు తిని గుల్లబారినవి, పేర్లు చెరిగిపోయినవి. నూలు ఆసు కట్టిన మేకుకు స్టార్టరు తాళ్ళు వేలాడుతున్నాయి. మామ పోయాక ఓంప్రకాశ్ మగ్గం విప్పి బోరు మోటర్ల వైండింగు పెట్టుకున్నాడు, అప్పుడు సంధ్యకు కోపం రాలేదు, అప్పుడు అతన్ని చూస్తుంటే ముచ్చటేసేది. కాలిపోయిన మోటరును ఎడ్లబండి మీదో ట్రాక్టరు మీదో వేసుకుని కోహెడ నుంచి, దౌల్తాబాద్ నుంచి రైతులు వచ్చేవాళ్ళు, మడి ఎండిపోతోంది తొందరగా చెయ్యి తమ్మీ అని ప్రాధేయపడేవాళ్ళు, అతను మాత్రం రాగితీగ చుట్టడం అయ్యాక పూర్తిగా ఆరనిచ్చి, నీళ్ళలో ముంచి, మళ్ళీ ఒకపూట నడిపి చూస్తేగాని గడప దాటనిచ్చేవాడు కాదు. "నా చేతి నుంచి పోయిన మోటరు మళ్ళ నా ఇంటికి రావద్దు" అనేవాడు. ఆ మాటను ఆమె పుట్టింట్లో కూడా చెప్పుకుంది, చెల్లెలితో, ఎంత గొప్పగా చెప్పుకుంది. డిగ్రీలో ఫిజిక్సు చదివిన పిల్లను మోటర్ల మేస్త్రీకి ఇచ్చారేమిటి అని పెదవి విరిచిన చిన్నత్త ప్రసూనతో సైతం అంది, నా మొగుడు చేసే పనిలో అబద్ధం ఉండదత్తా అని. ఎవరడిగారు ఆ రోజు ఆ మాట? అడగకుండానే అన్నది. అందుకే ఇవాళ అది గొంతులో చేపముల్లులా అడ్డం పడి ఉంది.

నీళ్ళు వచ్చాయి. కాలువలు వచ్చాయి, రిజర్వాయర్లు వచ్చాయి, చెరువులు నిండి మత్తళ్ళు దూకాయి, భూమిలో నీళ్ళు పైకి లేచాయి, బోరు మోటర్లు కాలడం తగ్గింది. ఊరంతా నీళ్ళు చూసి సంబరపడుతుంటే వైండింగు దుకాణంలో ఈగలు తోలుకున్నాడు ఓంప్రకాశ్. ఆ దిగులు నిజమే, దాన్ని ఆమె కాదనదు, ఆ రోజుల్లో అతను అన్నం ముందు కూర్చుని వేళ్ళతో గీతలు గీసేవాడు. తర్వాత ఎవరో చెప్పారు, అంత పెద్ద నీళ్ళలో తెడ్డు వేస్తే చేతులు పడిపోతున్నాయట, చేపలు పట్టేవాళ్ళు పడవ మోటర్ల కోసం చూస్తున్నారట అని. కాకినాడ పోయి, అక్కడి చేపల వేటగాళ్ళు ఇక పనికిరావని పక్కన పడేసిన మోటర్లను మూటలు కట్టించి లారీలో తెచ్చాడు. వాటిని విప్పితే లోపల ఉప్పు గడ్డలు, గవ్వల తునకలు, ఎన్నడూ చూడని ఒక వాసన. మొదటి మోటరు బాగుచేసినప్పుడు అతని ముఖంలో పాత వెలుగు వచ్చింది, ఆమె పక్కన లైటు పట్టుకుని కూర్చుంది, ఇద్దరూ కలిసి విప్పారు, కలిసి బిగించారు, ఏ బోల్టు తర్వాత ఏ బోల్టో ఆమెకు నోటికి వచ్చింది. అది కూడా నిజమే. కోపంగా ఉన్నప్పుడు నిజాలన్నీ ఒక పక్కనే ఉంటే ఎంత బాగుండు.

ధార కొంచెం పల్చబడిందా? లేదు. ఉంది. వంగి పడుతూనే ఉంది.

బోరు మోటరు సంగతి వేరు. రైతు బాట మీద నిలబడి చప్పుడు విని చెప్తాడు, బేరింగు పోయిందనో గాలి పడుతోందనో, వాడి తండ్రి విన్న చప్పుడు అది, వాడు విన్న చప్పుడు అది. ఈ పడవ మోటరు చప్పుడు ఇక్కడ ఎవరి తాతా వినలేదు. వచ్చినవాళ్ళు మోటరు చుట్టూ తిరిగి, "ఎన్ని ఫీట్లు ఎత్తుతది సేటు?" అని అడుగుతారు బోరు మోటరును అడిగినట్టు, అతను నవ్వు ఆపుకుని, "ఇది నీళ్ళను ఎత్తది, మిమ్ముల ఎత్తుతది" అంటాడు, వాళ్ళు కూడా నవ్వుతారు. అక్కడే, ఆ నవ్వులోనే ఎక్కడో అతను మారిపోయాడు. అదే కాకినాడలో అయితే ఈ చప్పుడుకే పిల్లలు కూడా లోపం పట్టి ముఖం చిట్లించేవాళ్ళు. ఇక్కడ నీళ్ళు ముందు వచ్చాయి, నీళ్ళ తెలివి ఇంకా రాలేదు, ఆ రెంటి మధ్యనున్న సందులో దుకాణం పెట్టుకున్నాడు తన మొగుడు.

సారయ్య చేతులు. వద్దనుకున్నా అవే వస్తాయి కళ్ళ ముందుకు. చేపలు పట్టే ఆ మనిషి ఇక్కడ కొన్న మోటరు నీళ్ళ నడుమ వేడెక్కి ఆగిపోయింది, ఈదురుగాలి లేచింది, పడవ కొట్టుకుపోయి మునిగిన చెట్ల మీదికి ఎక్కి బోర్లా పడింది. ఎండిన కొమ్మ ఒకటి నీళ్ళ పైకి ఉంటే దాన్ని కావలించుకుని తెల్లారేదాకా ఉన్నాడట సారయ్య. అలాంటి మనిషి కొట్లాటకు రావాలి కదా, వీధిలో నిలబడి నాలుగు తిట్లు తిట్టాలి కదా. అలా కాదు, మోటరును తీయించి ఆటోలో పెట్టుకుని, తప్పు చేసిన పిల్లవాడిలా వాకిట్లో నిలబడ్డాడు. ఏం చేసినవని అడిగాడు ఓంప్రకాశ్. "వేడైతుంటే తడి గోనె కప్పిన సారూ. మా బాయికాడి మోటరుకు గట్లనే కప్పుతుంటి" అన్నాడు. అగో, అదే, పడవ మోటరుకు గోనె కప్పుతరా, ఊపిరాడక సచ్చింది అది, అన్నాడు ఓంప్రకాశ్. అన్నాడు. ఆమె వింటుండగా అన్నాడు. వేడెక్కింది కాబట్టి గోనె కప్పాడు మనిషి, గోనె కప్పాడు కాబట్టి వేడెక్కిందని కాదు, ఇంత చిన్న సంగతిని చేత్తో తిరగేసి ఆ మనిషి నెత్తిన పెట్టాడు, అతను నెత్తి కొట్టుకుని "నాదే తెలివితక్కువ" అన్నాడు. సంధ్య చాయ్ తెచ్చి ఇస్తే స్టీలు గ్లాసు పట్టుకోలేకపోయాడు, అరచేతుల తోలంతా ఆ కొమ్మకు అంటుకుని పోయింది, రెండు మణికట్ల నడుమ గ్లాసును ఇరికించుకుని తాగాడు. అతను పోయాక మోటరు విప్పితే లోపల నీళ్ళు తోడే రబ్బరు చక్రానికి రేకులే లేవు, అరిగి, తెగి, తునకలై గొట్టంలో ఇరుక్కుని ఉన్నాయి. ఓంప్రకాశ్ వాటిని చీపురుతో ఊడ్చేశాడు. ఆమె వైపు చూడలేదు. బాగుచేసి ఇస్తే సారయ్య ఆ చేతులతోనే దండం పెట్టి తీసుకుపోయాడు. ఆ దండం ఈ ఇంటి గోడకు అంటుకుని ఉంది, ఎన్నిసార్లు సున్నం వేసినా పోదు.

అయినా ఆ తర్వాత మారతాడనుకుంది. అందుకే మొన్న సాయంత్రం లైటు పట్టుకుని కూర్చుంది మళ్ళీ. ఇదే మోటరు. అతను పక్కనున్న చచ్చిన మోటర్లోంచి పాత రబ్బరు చక్రం ఒకటి తీసి, గోటితో నొక్కి చూశాడు, గోరు దిగినచోట పగులు కనిపించింది, ఆమెకే కనిపించింది అంటే అతనికి కనిపించలేదా? దాన్నే బిగిస్తున్నాడు. కొత్తది తెప్పించు అంది. కాకినాడ నుంచి రావాల్నంటే ఆలస్యమైతది, పోశయ్య ఆగడు, వేరేటోని దగ్గరికి పోతడు అన్నాడు. "మరి ఆగిపోతే?" అని అడిగింది. "ఆగితే మంచిదే, మళ్ళ మనకాడికే వస్తరు."

"నీళ్ళ నడుమ ఆగితే ఎట్ల వస్తరు?"

"వాళ్ళకు ఈతొస్తది తీ" అన్నాడు. నవ్వాడు కూడా. బోల్టు బిగిస్తూ, పక్కకు చూడకుండా, లైటు సక్కగ పట్టు అన్నాడు. ఆమె సక్కగానే పట్టింది. చెయ్యి వణకలేదు. ఆ వణకకపోవడమే ఇప్పుడు ఒంట్లో సెగలా తిరుగుతోంది.

ఐలవ్వకు ఈత రాదు. క్రితం వారం మోటరు చూడ్డానికి వచ్చినప్పుడు మగవాళ్ళు వాకిట్లో మాట్లాడుకుంటుంటే ఆమె వంటింటి గడపలో కూర్చుని కొంగుతో ముఖం తుడుచుకుంటూ చెప్పింది. ఇన్నాళ్ళూ చెరువు కట్ట మీద గంప పెట్టుకుని చేపలమ్మిన మనిషి, నడుములోతు దాటి ఏనాడూ నీళ్ళలోకి దిగలేదు, ఇప్పుడు పోశయ్య వల వేస్తే పడవను నిలిపి పట్టేవాళ్ళు కావాలి, కూలికి మనిషిని పెట్టుకునే తాహతు లేదు, అందుకని తనే పోవాలి. "అడుగు కనవడని నీళ్ళు బిడ్డా. జూస్తే తల తిరుగుతది. గందుకే నేను నీళ్ళ దిక్కు జూడద్దనుకున్న, మోటరు దిక్కే జూసుకుంట కూసుంట" అంది, అని తన మాటకు తానే నవ్వింది, ముందరి పన్ను లేని నవ్వు. పోయేటప్పుడు సంచిలోంచి సీతాఫలాలు తీసి గూట్లో పెట్టి పోయింది. పండ్లు మగ్గాయి, ఇల్లంతా వాసన వేశాయి, దీక్షిత తిన్నది, కిష్టవ్వ తిన్నది, ఓంప్రకాశ్ రెండు తిని గింజలు కిటికీలోంచి ఉమ్మాడు. సంధ్య నోట పెట్టుకోలేకపోయింది.

ధార పల్చబడింది. ఈసారి అనుమానం లేదు. చిటికెన వేలంత ఉన్నది నూలుపోగంత అయింది, డ్రమ్ము అంచు దాకా అందక మోటరు ఒంటిని పట్టుకుని కిందికి జారుతోంది. పైపును మరింత లోతుకు దించింది, నీళ్ళకు కొదవ లేదు, కొదవ లోపలే ఉంది. పోగు తెగింది. మళ్ళీ వచ్చింది. రెండు చుక్కలు ఉమ్మింది. ఆగింది.

ఆమె బొటనవేలు ఎర్ర బటన్ మీదికి పోయింది. అలవాటు, పాలు పొంగితే చెయ్యి దానంతట అదే పోయినట్టు. నున్నటి బటన్, వెచ్చగా ఉంది, ఒక్క ఒత్తు. ఒత్తితే మోటరు బతుకుతుంది. వచ్చి చూసి, ఏదో ఇరికిందంటాడు, విప్పి ఊది, ఇంకో పాత రబ్బరు వెతికి బిగిస్తాడు, పోశయ్యకు మరో చాయ్ పోయిస్తాడు, పొద్దుగూకే లోపల మళ్ళీ మోగిస్తాడు, వాళ్ళు వేసుకుని పోతారు. తను నోరు తెరిచి చెప్తే? ఐలవ్వా, దీన్లో రబ్బరు పగిలి ఉంది, తీసుకపోకుండ్రి అని చెప్తే? చెప్పే మాటలు మనసులో ఎన్నిసార్లు కూర్చుకుందో. ఆడోళ్ళకు మోటర్ల సంగతి ఏమెరుక అని నవ్వుతాడు, పోశయ్య కూడా నవ్వుతాడు, ఐలవ్వ వాళ్ళిద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసి తలకాయ ఊపుతుంది. మోగుతున్న మోటరు ముందు ఏ ఆడదాని మాట నిలబడింది? మోత అన్నింటికన్న పెద్దది. మోత ఆగాలి ముందు.

బొటనవేలు వెనక్కి తీసుకుంది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. నల్లా కట్టేసింది, పైపు కింద పడేసింది, పీట కొంచెం వెనక్కి జరుపుకుని కూర్చుంది. కళ్ళు మూసుకోవాలనిపించింది, మూసుకోలేదు. చప్పుడు మారుతోంది, గొంతు ఎండిన మనిషి మాటలా గరగరలాడుతోంది, కొత్తగా వేసిన బూడిదరంగు మీద బుడగలు లేస్తున్నాయి, కమురు వాసన, పొగ. భయం ఉంది, అయినా భయం కింద కోపం గట్టిగా కూర్చుని ఉంది, బాయిలో బండలా, కదలకుండా. ఈతొస్తది తీ. ఊపిరాడక సచ్చింది అది. లైటు సక్కగ పట్టు. నా చేతి నుంచి పోయిన మోటరు మళ్ళ నా ఇంటికి రావద్దు. ఆ మాట అన్న మనిషి ఎక్కడికి పోయాడో, ఆ మనిషి గనక ఇక్కడ ఉంటే ఇప్పుడు ఆమె చేస్తున్న ఈ పనిని అతనే చేసేవాడు. మోటరు కీచుమంది, ఒకసారి ఒళ్ళంతా విదిలించుకుంది, కింద చెక్క స్టాండు కూడా అదిరింది, టక్కుమని ఆగిపోయింది.

నిశ్శబ్దం. పక్కింట్లో కుక్కరు విజిలు వినిపించింది. ఎక్కడో పావురాలు. కిష్టవ్వ చాటలో బియ్యం చెరిగే చప్పుడు కూడా లేదు, ఆమె చెయ్యి ఆపి ఇటే చూస్తోంది. ఎప్పటినుంచి చూస్తోందో. అత్తాకోడళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు.

వీధిలో ట్రాలీ ఆటో ఆగింది, గేటు తోసుకుని ముందు ఓంప్రకాశ్ వచ్చాడు. "ఎందుకాపినవ్? నడువనియ్యమన్న గదా" అంటూనే స్టార్టరు తాడు పట్టి లాగాడు. తాడు రాలేదు. మళ్ళీ లాగాడు. పైమూత మీద చెయ్యి వేసి చురుక్కుమని తీసుకున్నాడు, వంగి ఎండిపోయిన రంధ్రం చూశాడు, బటన్ చూశాడు, ఆమెను చూశాడు. ముఖం నల్లబడింది. వెనక పోశయ్య, అతని వెనక నెత్తిన కొంగుతో ఐలవ్వ. వాళ్ళను చూసి ఓంప్రకాశ్ నవ్వు తెచ్చుకున్నాడు.

"నిద్రవోయినట్టున్నది మా ఆమె. ఒక్క పని జెప్పిపోతే గిట్ల జేసింది."

"పోనీ తియ్యి సేటు" అన్నాడు పోశయ్య. "మనిషన్నంక కునుకు వడ్తది."

"ఇంట్ల ఒకటా పని, లోపలికి వొయ్యుంటది" అంది ఐలవ్వ. "ఏమనకయ్యా బిడ్డను."

ఒకరి తర్వాత ఒకరు ఆమె తప్పించుకుపోవడానికి తలుపు తెరిచి పట్టుకున్నారు. తల వంచుకుని ఆ తలుపులోంచి నడిచిపోతే సరిపోతుంది, రాత్రికి నాలుగు మాటలు పడితే అయిపోతుంది, వచ్చే నెల ఇంకో మోటరు.

"నిద్రవోలే" అంది కిష్టవ్వ గడపలోంచి. "కండ్లు తెరుసుకొనే కూసున్నది. నేను జూస్తనే ఉన్న."

"అవును" అంది సంధ్య. గొంతు ఆమె అనుకున్నదానికంటే మామూలుగా వచ్చింది. "దార ఆగుడు చూసిన. బటన్ మీద ఏలు గూడ పెట్టిన. ఒత్తలే."

ఎవరికీ అర్థం కాలేదు, ఓంప్రకాశ్‌కు తప్ప. "లోపలికి నడువ్" అన్నాడు మెల్లగా, పళ్ళ నడుమ.

ఆమె లోపలికి నడవలేదు. మోటరు హ్యాండిలు పట్టి తన బరువంతా వేసి వెనక్కి వంచింది, దాని కాలు నీళ్ళు కార్చుకుంటూ డ్రమ్ములోంచి పైకి లేచింది. నేల మీది పనిముట్లలోంచి పానా తీసింది. "నీళ్ళు తోడే రబ్బరు దీని కింద ఉంటది" అంది పోశయ్యతో, కానీ చూసింది ఐలవ్వను. "సారయ్య మోటరుల గూడ గిదే పోయింది. గోనెతోని పోలే. దగ్గరికి రాండ్రి, విప్పినంక మీరే చూడుండ్రి."

"ఆమెకేం ఎరుక" అన్నాడు ఓంప్రకాశ్, నవ్వడానికి చూస్తూ. మోటరు మోగడం లేదు కాబట్టి ఆ నవ్వు ఎంత చిన్నదో వాకిలంతటికీ వినిపించింది. పోశయ్య నవ్వలేదు.

సంధ్య మొదటి బోల్టుకు పానా పెట్టి తిప్పింది. బోల్టు కదల్లేదు, దానితో పాటు మోటరు కాలే పక్కకు తిరిగిపోతోంది. ఐలవ్వ కొంగు నడుముకు దోపుకుని వచ్చి, డ్రమ్ము పక్కన గొంతుకూర్చుని, అది కదలకుండా రెండు చేతులా గట్టిగా పట్టుకుంది.